నాలుగు నెలల పాప, పగలంతా కోడికునుకులే. అరగంట దాటట్లేదు

పటమట_కొత్తమ్మ
మా పాపకి నాలుగు నెలలు నిండాయి. రాత్రి నిద్రకి వంక పెట్టడానికి లేదు. రెండుసార్లు పాలకి లేస్తుంది, తాగి మళ్ళీ పడుకుంటుంది. గొడవంతా పగలే. జోకొట్టి, భుజాన వేసుకుని హాలంతా తిప్పి, ఎలాగోలా పడుకోబెడతాను. వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ పెట్టేసరికి కేర్‌మంటుంది. అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. రోజంతా ఇలాంటి కోడికునుకులే. లేచాక హుషారుగా ఉంటే నాకేం బాధ లేదు, కళ్ళు నులుముకుంటూ చిరాగ్గా ఏడుస్తుంది.

మా అత్తగారేమో "నీ పాలు చాలట్లేదు, కడుపు నిండక లేస్తోంది, డబ్బా పాలు మొదలుపెట్టు" అంటారు. మా అమ్మ దిష్టి అంటుంది. మా ఆయన "నువ్వు టెన్షన్ పడుతున్నావు, అది పాపకి తెలిసిపోతోంది" అంటాడు. ఇంకో నెలన్నరలో నా సెలవు అయిపోతుంది. తర్వాత పాపని చూసుకునేది అత్తగారే. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, రోజంతా ఎత్తుకుని తిప్పడం ఆవిడ వల్ల కాదు. పగలు కాస్త ఎక్కువసేపు పడుకునే దారి ఏదైనా ఉంటే చెప్పండి.

ఇద్దరు_రాక్షసులు
అరగంటా! మా పెద్దాడు ఇరవై నిమిషాలకే లేచి కూర్చునేవాడు. కూర్చోవడం రాకముందు నుంచే.

సింగ్‌నగర్_సూరి
కుక్కర్ పెట్టడం మానేయండి. విజిల్ ఎప్పుడొస్తుందో వాళ్ళకి ముందే తెలుస్తుంది.

నర్సమ్మ_లక్ష్మీపురం
ముందు పాల సంగతి తేల్చేద్దాం, ఇళ్ళలో సగం తగవులు అక్కడే పుడతాయి. పాప రోజు మొత్తంలో ఆరుసార్లో, అంతకంటే ఎక్కువో పాస్ పోస్తోందా? బరువు పెరుగుతోందా? టీకాలకి తీసుకెళ్ళే తల్లీబిడ్డల కార్డులో బరువు గీతలుంటాయి, వాటి మీద చుక్కలు పెట్టించుకోండి. చుక్కలు గీత వెంట పైకి పోతుంటే పాలు చాలుతున్నట్టే. మామూలుగా ఐదో నెల వచ్చేసరికి పుట్టిన బరువుకి రెట్టింపు అవుతారు. నిజంగా కడుపు నిండని పిల్ల రాత్రి రెండుసార్లతో సరిపెట్టుకోదు కదా. కాబట్టి పగటి కునుకు చిన్నదైందని డబ్బా పాలు మొదలుపెట్టకండి. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు, నీళ్ళు కూడా. ఇక్కడి ఎండలకి కూడా అదే మాట.

ఇక నిద్ర. పెద్దవాళ్ళకి ఒక విడత నిద్ర పూర్తవడానికి సుమారు గంటన్నర పడుతుంది. ఈ వయసు పిల్లలకి ముప్పావు గంట, కాస్త అటూ ఇటూ. ఒక విడత అవగానే నిద్ర పల్చబడుతుంది. మనకీ పల్చబడుతుంది, పక్కకి తిరిగి పడుకుంటాం, పొద్దున్నే గుర్తుండదు. పిల్లలకి అలా సొంతంగా మళ్ళీ నిద్రలోకి జారుకోవడం ఇంకా రాదు, అందుకే పూర్తిగా లేచిపోతారు. పైగా మూడు, నాలుగు నెలల మధ్య నిద్ర తీరే మారుతుంది. అప్పటిదాకా పెళ్ళిపందిట్లో కూడా పడుకున్న పిల్లలు హఠాత్తుగా చీమ చిటుక్కుమంటే లేస్తారు. రాత్రి నిద్ర ముందు కుదురుతుంది, పగటి నిద్ర ఆ తర్వాత. చాలామందికి ఐదారు నెలలప్పుడు గంటకో, గంటన్నరకో అదే సాగుతుంది.

4 నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకి కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటలు నిద్ర ఉండాలని 2016లో అమెరికా నిద్ర వైద్యుల సంఘం చెప్పింది. మీ పాప రాత్రి బాగా పడుకుంటోంది కాబట్టి మొత్తం కలిపి చూడండి, సరిపోతూనే ఉండొచ్చు.

పటమట_కొత్తమ్మ
నర్సమ్మ గారూ, పుట్టినప్పుడు 2.9, పోయిన వారం టీకాకి వెళ్ళినప్పుడు 6.1 కిలోలు. డైపర్లకి లెక్కే లేదు. ఈ పోస్టు మా అత్తగారికి చదివి వినిపిస్తాను. "నర్సు చెప్పింది" అంటే వింటారు, నేను చెబితే వినరు.

గుంటూరు_అమ్మమ్మ
బరువు బాగుంది తల్లీ, పాలకేం లోటు లేదు. మా రోజుల్లో ఈ గోలే లేదు. పొద్దున్నే నూనె రాసి ఒళ్ళంతా మర్దనా చేసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని వేడినీళ్ళతో లాల పోసి, సాంబ్రాణి వేసి, చీర ఉయ్యాలలో వేస్తే మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా లేచేవాళ్ళు కాదు. మంచం మీద పడుకోబెడితే ఎవరు పడుకుంటారు? పత్తికీ మిరపకోతలకీ పోయే ఆడవాళ్ళని చూడండి. గట్టు మీద వేపచెట్టుకి ఉయ్యాల కట్టి పనిలోకి దిగితే బిడ్డ పొద్దెక్కేదాకా లేవదు.

రెండోలైను_రమ
అమ్మమ్మ గారి మాట నిజం. ఉయ్యాలలో మా బాబు రెండు గంటలు, మంచం మీద అరగంట. అపార్ట్‌మెంటు స్లాబుకి కొక్కెం లేదని స్టాండు, స్ప్రింగు ఉయ్యాల కొన్నాం. నాకు తెలిసి పైసా వసూలైన వస్తువు అదొక్కటే.

నర్సమ్మ_లక్ష్మీపురం
అమ్మమ్మ గారూ, మర్దనా, లాల రెండూ నిక్షేపంలా చేయొచ్చు. లాల పోశాక వచ్చే నిద్ర గాఢంగా ఉంటుందన్నది చాలామంది తల్లులు చెప్పేదే. సాంబ్రాణి మాత్రం వద్దు. ఆ పొగ పసి ఊపిరితిత్తులకి పడదు. జలుబు చేసిన పిల్లకి ఇంకా ఇబ్బంది.

చీర ఉయ్యాల గురించి మొహమాటం లేకుండా చెబుతాను, తిట్టుకున్నా సరే. బట్ట మధ్యలోకి కుంగి బిడ్డ విల్లులా వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది. ఇంత చిన్నపిల్లలకి గాలి గొట్టం సన్నం, మెడ నిలబెట్టే బలం తక్కువ. గడ్డం అలా ఆనితే ఊపిరాడటం కష్టమవుతుంది, ఏడవడానికి కూడా వీలుండదు. పక్కన ఎవరైనా పెద్దపిల్లాడు ఊపుతూ మెలిపెట్టాడంటే ఇంకో ప్రమాదం. నిద్రపుచ్చడానికి ఉయ్యాల వాడి, పడుకున్నాక తీసి చదునైన గట్టి పరుపు మీద వెల్లకిలా వేయండి. తలగడ వద్దు. ఆవాల దిండు కూడా వద్దు.

బాబాయ్_భవానీపురం
ఇదిగో, మళ్ళీ మొదలు. మేం నలుగురం అన్నదమ్ములం చీర ఉయ్యాలలోనే పెరిగాం. మా పిల్లలూ అంతే. ఎవరికేమైంది? ఇప్పటి డాక్టర్లకి అన్నిటికీ భయమే.

నర్సమ్మ_లక్ష్మీపురం
బాబాయ్ గారూ, ఏమీ కానివాళ్ళే ఇక్కడికొచ్చి రాస్తారు. అయినవాళ్ళు రాయరు. అమెరికాలో 1994లో పిల్లల్ని బోర్లా కాదు, వెల్లకిలా పడుకోబెట్టండని ఊరూరా ప్రచారం చేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళలోనే నిద్రలో అకారణంగా పోయే పసివాళ్ళ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. అంతకుముందు బోర్లా పడుకుని పెరిగినవాళ్ళంతా బాబాయ్ లాగే "మాకేం కాలేదు" అన్నవాళ్ళే. 2022లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం సలహాలు మళ్ళీ సవరించింది. పక్క చదునుగా, గట్టిగా ఉండాలి, ఏటవాలు 10 డిగ్రీలు దాటకూడదు అంది. ఆ ఏడాదే ఏటవాలు పడకల్ని అక్కడ చట్టం చేసి నిషేధించారు.

బాబాయ్_భవానీపురం
సరే తల్లీ, నిన్ను గెలవలేం. చెక్క ఉయ్యాల అయితే?

నర్సమ్మ_లక్ష్మీపురం
అడుగు చదునుగా, గట్టిగా ఉండి, చుట్టూ కమ్మీల మధ్య తల పట్టేంత సందు లేకపోతే బ్రహ్మాండం. లోపల మెత్తలూ బొమ్మలూ పెట్టకండి.

రాత్రిడ్యూటీ
మాది రైల్వే ఉద్యోగం. వారంలో సగం రాత్రిళ్ళు డ్యూటీ, పొద్దున్న వచ్చి పడుకుంటాను. బాబు పుట్టకముందే మా పడగ్గది గుహలా ఉండేది. కిటికీకి ముదురు నీలం దుప్పటి, దాని కింద అట్ట ముక్కలు, తలుపు సందుకి పాత తువ్వాలు. మావాడు హాల్లో ముప్పై నిమిషాలు పడుకునేవాడు, ఈ గదిలో గంటా పది. మా ఆవిడ మొదట నమ్మలేదు, రెండు చోట్లా మార్చి మార్చి పడుకోబెట్టి చూసింది. వెలుగే తేడా.

ఇంకో ముఖ్యమైన పని: కాలింగ్ బెల్ బ్యాటరీ తీసేయండి. పాలవాడికి, కొరియర్ కుర్రాడికి, పక్కింటి ఆంటీకి "తలుపు కొట్టకండి, ఫోన్ చేయండి" అని చీటీ అంటించండి. ఆంటీ రెండు రోజులు అలిగారు, తర్వాత అలవాటైపోయింది.

పటమట_కొత్తమ్మ
వెలుగు సంగతి నాకు తట్టనే లేదు. మేం హాల్లోనే పడుకోబెడతాం, కళ్ళముందు ఉంటుందని. కానీ పగలు చీకట్లో పడుకోబెడితే రాత్రీ పగలూ తారుమారు అవుతుందని అమ్మ అంటోంది?

నర్సమ్మ_లక్ష్మీపురం
మొదటి నెలన్నర, రెండు నెలలకి ఆ మాట సరైనదే. అప్పుడు పగలు వెలుగు, రాత్రి చీకటి తేడా తెలిసేలా చేయాలి. ఇప్పుడు మీ పాప రాత్రి నిద్ర కుదిరింది కాబట్టి కునుకు వరకు చీకటి చేసుకోవచ్చు. లేవగానే మాత్రం కర్టెన్ తీసి వెలుగులోకి తీసుకురండి.

కేటీరోడ్_కిట్టు
బెల్ బ్యాటరీ తీస్తే సరిపోతుందా? మా వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు ఉంది. "ఉల్లిపాయలమ్మా ఉల్లిపాయలూ" అని రికార్డింగు. సరిగ్గా పదకొండున్నరకి. మా పాప లేచేది పదకొండు ముప్పైఒకటికి. పెద్ద శబ్దం అక్కర్లేదు, ఆ "అమ్మా" దగ్గర సాగదీసే స్వరానికే లేస్తుంది.

ఇద్దరు_రాక్షసులు
మా దగ్గర పాత ఇనప సామాన్లు. అదే గొంతు. రాష్ట్రమంతా ఒకాయనే రికార్డ్ చేసి అమ్మాడేమో.

సింగ్‌నగర్_సూరి
2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు మా అన్న కొడుకు మూడు నెలలవాడు. కింద నడుంలోతు నీళ్ళు, కరెంటు లేదు, అందరం డాబా మీద టార్పాలిన్ కింద. పైన హెలికాప్టర్లు ఆహారం పొట్లాలు వేస్తున్నాయి. ఆ మోతలో వాడు హాయిగా రెండు గంటలు పడుకున్నాడు. నీళ్ళు తగ్గి, ఇల్లు కడుక్కుని, ఫ్యాన్ కింద పరుపేసి పడుకోబెడితే అరగంటకి లేచాడు. వీళ్ళ లెక్క మనకి అర్థం కాదు.

నర్సమ్మ_లక్ష్మీపురం
సూరి గారూ, లెక్క ఉంది. ఆగకుండా ఒకేలా వచ్చే మోత పిల్లల్ని లేపదు. నిశ్శబ్దంలో హఠాత్తుగా వచ్చే శబ్దం లేపుతుంది. కిట్టు గారి ఆటో అదే చేస్తోంది. గదిలో టేబుల్ ఫ్యానో, కూలరో సన్నగా మోగుతుంటే బయటి శబ్దాలు అందులో కలిసిపోతాయి. ఫోన్లో హోరు శబ్దం పెట్టేవాళ్ళు ఫోన్ తల పక్కన పెట్టకండి. ఆరేడు అడుగుల దూరంలో, తక్కువ శబ్దంతో. ఆ మోత మీద మీరు మామూలు గొంతుతో మాట్లాడుకోగలగాలి.

రెండోలైను_రమ
మరి కరెంటు పోతే? మధ్యాహ్నం రెండింటికి టక్కున పోతుంది. ఏసీ ఆగుతుంది, ఆ మోత ఆగుతుంది, వీడు లేస్తాడు. వేడికి లేచాడో నిశ్శబ్దానికి లేచాడో తేల్చుకునేలోపు చెమటతో మెడ జిగటజిగటగా ఉంటుంది.

రాత్రిడ్యూటీ
ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు గానీ ఫ్యాన్ నడుస్తుంది కదా. ఏసీ ఉన్నా ఫ్యాన్ కూడా సన్నగా తిప్పండి. కరెంటు పోయినా ఫ్యాన్ మోత సాగుతూనే ఉంటుంది, చల్లదనం అరగంట నిలుస్తుంది. మేం ఏసీ 26లో పెడతాం, గాలి నేరుగా మంచం మీదకి రాకుండా రెక్క పైకి తిప్పి.

నర్సమ్మ_లక్ష్మీపురం
వేడి గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పిల్లలకి పల్చటి చేతుల్లేని జుబ్బా ఒక్కటి చాలు. టోపీ, మేజోళ్ళు, పైన దుప్పటి ఏమీ అక్కర్లేదు. అరచేతులు చల్లగా ఉన్నాయని కప్పేస్తుంటారు. చేతులు చూడకండి, మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉంటే వేడెక్కువైనట్టు. మరీ వేడెక్కడం నిద్ర చెడగొట్టడమే కాదు, ప్రమాదం కూడా.

చుట్టుగుంట_వాసి
మీకు ఎండే. మాకు సీజన్లో మిరప ఘాటు కూడా. లారీలు వరస కట్టాయంటే ఇంట్లో అందరం తుమ్ములు. ఆ నెలల్లో మా బుడ్డోడి కునుకు నా తుమ్ముల మీద ఆధారపడి ఉండేది.

ఇద్దరు_రాక్షసులు
ఇప్పుడు సీరియస్‌గా చెబుతాను, మా రెండోదానికి పనిచేసింది. దానికి నిద్ర వచ్చే ముందు గుర్తులుంటాయి. బొమ్మ చూపిస్తే మొహం పక్కకి తిప్పుకుంటుంది, ఒక చోటే చూస్తూ ఉండిపోతుంది, చెవి లాక్కుంటుంది. ఆ రెండు మూడు నిమిషాల్లోనే గదిలోకి తీసుకెళ్ళాలి. ఆవలింతలు దాటి ఏడుపు మొదలైతే ఆలస్యమైనట్టే. అలిసిపోయిన పిల్ల ఎక్కువసేపు పడుకుంటుందనుకుంటాం, అది తప్పు. మరీ అలిస్తే నిద్ర పట్టదు, పట్టినా మధ్యలో ఉలిక్కిపడి లేస్తారు. నాలుగు నెలలప్పుడు గంటన్నర నుంచి రెండు గంటల మెలకువ, అంతే. పొద్దున్న మెలకువ ఇంకా చిన్నది.

రెండోది, లేచే టైము మీకు తెలుసు కదా. ముప్పయ్యో నిమిషం అనుకోండి. ఇరవై ఐదుకే వెళ్ళి పక్కన కూర్చోండి. కదలగానే ఛాతీ మీద చెయ్యి ఆనించి, ఒకే తూగులో జోకొట్టండి. ఎత్తకండి, మాట్లాడకండి, కళ్ళలోకి చూడకండి. చూస్తే నవ్వుతుంది, ఇక అయిపోయింది. కొన్నిసార్లు మళ్ళీ జారుకుంటుంది, కొన్నిసార్లు జారుకోదు. పదినిమిషాలు చూసి లేవకపోతే సరే, లేచిపోతే ఎత్తుకోండి, పంతం వద్దు.

నర్సమ్మ_లక్ష్మీపురం
రాక్షసుల అమ్మ గారు చెప్పినది అక్షరాలా నిజం. ఒకటి కలుపుతాను. నిద్రలో మూలుగుతారు, కనురెప్పల కింద గుడ్లు తిరుగుతాయి, చప్పరిస్తారు, చేతులు విదిలిస్తారు. అది మెలకువ కాదు. చాలా ఇళ్ళలో ఆ మూలుగు వినగానే పరుగెత్తుకెళ్ళి ఎత్తేసి మనమే లేపేస్తాం.

పటమట_కొత్తమ్మ
అమ్మో, మా ఇంట్లో ఆ పని మా ఆయనది! "లేచింది లేచింది" అంటూ పరిగెడతాడు. ఇంకో సందేహం. చేతుల్లో నిద్రపోయినంతసేపు బాగానే ఉంటుంది, పక్క మీద వేయగానే కళ్ళు తెరుస్తుంది. ఒంట్లో ఏదో మీట ఉన్నట్టు.

రెండోలైను_రమ
తల ముందు పెడతారేమో. ముందు పిరుదులు ఆనాలి, తర్వాత వీపు, చివర తల. చెయ్యి వెంటనే లాగేయకుండా ఛాతీ మీద కాసేపు ఉంచండి. పడేస్తున్నట్టు అనిపిస్తే రెండు చేతులూ చాచి ఉలిక్కిపడతారు కదా, అది రాకుండా.

ఇద్దరు_రాక్షసులు
ఎత్తుకున్నప్పుడు చెయ్యి పైకెత్తి వదిలి చూడండి. టపీమని పడితే గాఢనిద్ర. పట్టి ఆగితే ఇంకో పాట పాడాలి.

ఉయ్యూరు_వదిన
ఇన్ని తిప్పలెందుకు, జాజికాయ పాలలో అరగదీసి ఉగ్గుగిన్నెతో ఒక చుక్క పట్టండి. మా అత్తగారు అలాగే పట్టేవారు. గసగసాల నీళ్ళు కూడా మంచివే.

నర్సమ్మ_లక్ష్మీపురం
వద్దు, వద్దు, వద్దు. దయచేసి ఈ పోస్టు చదివి ఎవరూ ప్రయత్నించకండి. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. ఆ గింజల మీద అంటుకుని ఉండే మత్తు ఎంతన్నది కంటికి తెలియదు. పసిబిడ్డకి ఊపిరి నెమ్మదించి ఆగిపోవచ్చు. జాజికాయ కూడా మోతాదు మించితే విషమే, అరగదీసే రాయి మీద మోతాదు ఎవరు కొలుస్తారు? నిద్ర కోసం దగ్గు, జలుబు సిరప్ పోసేవాళ్ళు కూడా ఉన్నారు, అదీ వద్దు. పాలపీకకి తేనె రాయడం కూడా వద్దు, ఏడాది లోపు తేనె నాకించకూడదు, అందులో ఉండే ఒకరకం సూక్ష్మజీవి పసిపేగుల్లో పెరిగి విషం తయారుచేస్తుంది.

ఉయ్యూరు_వదిన
అమ్మో, అంత ఉందా. మా పిల్లలకి ఎప్పుడో పట్టారు, నాకు వివరం తెలియదు. పోస్టు తీసేయమంటారా?

రాత్రిడ్యూటీ
తీయకండి వదినా. ఇలాంటిదే మనసులో ఉన్నవాళ్ళు కింద జవాబు చదువుతారు.

తెనాలి_టు_డల్లాస్
ఇక్కడ అందరూ పిల్లల్ని వేరే గదిలో పడుకోబెట్టి, ఏడ్చినా వెళ్ళరు. మూడు నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. మనవాళ్ళు ఎత్తుకుని ఎత్తుకుని అలవాటు చేస్తారు, తర్వాత బాధపడతారు.

కేటీరోడ్_కిట్టు
మా ఇంట్లో అలా చేస్తే మూడో నిమిషానికి కిందింటావిడ, ఐదో నిమిషానికి మా అమ్మ, పదో నిమిషానికి మేడ మీద తాతగారు, అందరూ తలుపు దగ్గరే.

గుంటూరు_అమ్మమ్మ
నాలుగు నెలల పసిగుడ్డుని ఏడవనిచ్చి కూర్చోవడమా. మా ప్రాణాలు ఊరుకోవు నాయనా.

నర్సమ్మ_లక్ష్మీపురం
డల్లాస్ గారూ, అది ఈ వయసుకి తొందర, అందులోనూ పగటి కునుకుకి. ఇంకో మాట, అక్కడి పిల్లల వైద్యులే కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోబెట్టమంటారు. వేరే గది మాట వాళ్ళది కాదు.

తెనాలి_టు_డల్లాస్
సరే, ఏడుపు సంగతి వదిలేయండి. కానీ మా డాక్టరు చెప్పిన ఒకటి మాకు పనికొచ్చింది. పూర్తిగా నిద్రపోయాక పక్క మీద వేయకుండా, కళ్ళు మూతలు పడుతున్నప్పుడే వేసి, జోకొట్టి అక్కడే నిద్రపుచ్చడం. నిద్ర పట్టినప్పుడు ఎక్కడుందో, మధ్యలో కళ్ళు తెరిచినప్పుడూ అక్కడే ఉంటే భయపడదు. చేతుల్లో పడుకుని మంచం మీద లేస్తే ఎవరికైనా కంగారే కదా. అన్ని కునుకులకీ ఒకేసారి కాదు, పొద్దుటి మొదటి కునుకుతో మొదలుపెట్టాం. అది తేలిగ్గా వచ్చే నిద్ర.

ఇద్దరు_రాక్షసులు
ఇది మాత్రం లైకు. పటమట గారూ, మీ అత్తగారి మోకాళ్ళకి పనికొచ్చే సలహా ఇదే. నిలబడి తిప్పడం కాకుండా పక్కన కూర్చుని జోకొట్టడం.

బాబాయ్_భవానీపురం
చూశారా, అమెరికా వాడు చివరికి జోకొట్టడం దగ్గరికే వచ్చాడు.

పటమట_కొత్తమ్మ
పాత మెత్తటి పంచెతో చేతులు కదలకుండా చుడితే ఉలిక్కిపడదని మా పెద్దమ్మ అంటోంది. చుట్టొచ్చా? ఇప్పుడిప్పుడే ఒక పక్కకి ఒరుగుతోంది.

నర్సమ్మ_లక్ష్మీపురం
ఒరుగుతోందంటే చుట్టడం మానేయాల్సిన సమయం వచ్చేసినట్టే. చుట్టిన బిడ్డ బోర్లా పడితే చేతులు లేక మొహం పైకెత్తుకోలేదు. చిన్నపిల్లల తల్లులు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకి: చుట్టినా నడుం కింద వదులుగా ఉండాలి, కాళ్ళు కప్పలా ముడుచుకుని ఆడాలి. కాళ్ళు బిగించి చుడితే తుంటి కీలుకి మంచిది కాదు. బరువు నింపిన నిద్ర సంచులు అమ్ముతున్నారు, అవి అసలే వద్దు.

రెండోలైను_రమ
నాకూ ఒక ప్రశ్న. నేను సోఫాలో వాలి ఛాతీ మీద పడుకోబెట్టుకుంటే గంటన్నర కదలడు. అలా చేస్తే తప్పా?

నర్సమ్మ_లక్ష్మీపురం
మీరు మెలకువగా ఉన్నంతసేపు హాయిగా చేయండి. రోజుకో కునుకు అలా మీ మీద పడితే అలవాటు చెడిపోదు, అలిసిన పిల్లకి లోటు తీరుతుంది కూడా. కానీ సోఫాలో మీరు కూడా నిద్రపోయారో, అది మంచం కంటే చాలా ప్రమాదం. మెత్తల సందుల్లోకి జారిపోతారు. నిద్ర వస్తోందనిపిస్తే ఇంకెవరికైనా ఇచ్చేయండి.

కొత్తపేట_నాన్న
కాస్త పక్కకి వెళ్ళే ప్రశ్న. మా బాబు 32 వారాలకే పుట్టాడు. ఇప్పుడు నాలుగు నెలలు. మీరంతా చెప్పే గంటన్నర మెలకువ వాడి వల్ల కావట్లేదు, గంటకే వాలిపోతాడు. కునుకులు కూడా ఒకటి ఇరవై నిమిషాలు, ఇంకోటి రెండు గంటలు. ఏమైనా సమస్యా?

నర్సమ్మ_లక్ష్మీపురం
సమస్య కాదండి. మీ బాబు రెండు నెలలు ముందొచ్చాడు, కాబట్టి నిద్ర విషయంలో వాడి వయసు రెండు నెలలే అనుకోండి. రెండు నెలల పిల్లలకి గంట మెలకువే ఎక్కువ, కునుకులకి ఒక పద్ధతంటూ ఉండదు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి, అక్కడ రెండు నెలలు తగ్గించకండి.

అందరికీ ఒక మాట. నిద్రలో గురక గట్టిగా వస్తున్నా, ఊపిరి మధ్యమధ్యలో ఆగుతున్నా, పాలు తాగాక ప్రతిసారీ వీపు విల్లులా విరిచి ఏడుస్తున్నా, బరువు నిలిచిపోయినా, పాలకి కూడా లేవనంత మగతగా ఉన్నా డాక్టరుకి చూపించండి. వీటికి ఇక్కడ సలహాలు అడగకండి.

కొత్తపేట_నాన్న
ధన్యవాదాలండి, మా ఆవిడకి ఇప్పుడే చూపించాను. పెద్ద బరువు దిగినట్టుంది.

పటమట_కొత్తమ్మ
అప్‌డేట్. పడగ్గది కిటికీకి నల్ల దుప్పటి కట్టాం, టేబుల్ ఫ్యాన్ గోడవైపు తిప్పి పెట్టాం. పొద్దుటి కునుకు ఇప్పుడు గంట దాటుతోంది, అన్ని రోజులూ కాదు గానీ ఎక్కువ రోజులు. మధ్యాహ్నానిది ఇంకా మొండికేస్తోంది. సాయంత్రానిది ఎప్పటిలాగే అరగంట.

అత్తగారు ఇదంతా నాతో చదివించుకున్నారు. డబ్బా పాల మాట మళ్ళీ ఎత్తలేదు. దిష్టి మాత్రం మా అమ్మ ఉప్పూ మిరపకాయలతో తీసింది, ఈ గంట నిద్ర దానివల్లేనని ఆవిడ గట్టి నమ్మకం. పాప పక్కకి ఒరగడం అయిపోయింది, నిన్న పూర్తిగా బోర్లా పడింది. ఇప్పుడు నిద్రలో కూడా బోర్లా తిరుగుతోంది, వెల్లకిలా తిప్పుతూ కూర్చోవాలా?

నర్సమ్మ_లక్ష్మీపురం
పడుకోబెట్టేటప్పుడు ప్రతిసారీ వెల్లకిలానే వేయండి. ఇంకా ఒకవైపే తిరగడం వచ్చింది కాబట్టి, మీరు చూసినప్పుడు మెల్లగా వెల్లకిలా తిప్పండి. అటూ ఇటూ రెండు వైపులా తనే తిరగడం వచ్చాక ఎలా పడుకుంటే అలా వదిలేయొచ్చు. మెలకువగా ఉన్నప్పుడు చాప మీద బోర్లా వేసి బాగా ఆడించండి, తిరిగి రావడం త్వరగా వస్తుంది. కొత్త విద్య వచ్చిన ఈ వారం రెండు వారాలు కునుకులు మళ్ళీ కాస్త చెడతాయి, కంగారు పడకండి.

గుంటూరు_అమ్మమ్మ
బోర్లా పడిందా! మరి బొబ్బట్లు చేశారా లేదా? ఆ మాట ముందు చెప్పాలి గానీ.

పటమట_కొత్తమ్మ
అత్తగారు పప్పు నానబెట్టేశారు అమ్మమ్మ గారూ.

సింగ్‌నగర్_సూరి
కుక్కర్లో ఉడికించొద్దని చెప్పండి.

బాబాయ్_భవానీపురం
శనగపప్పేనా, కందిపప్పు అని మోసం చేయట్లేదు కదా?

కేటీరోడ్_కిట్టు
కొబ్బరి బొబ్బట్లే అసలైనవి.

గుంటూరు_అమ్మమ్మ
ఎవరయ్యా ఆ కొబ్బరి అన్నది. ఆ ఉల్లిపాయల ఆటో నీ వీధిలో రోజూ రెండుసార్లు తిరగాలి.